చివరి రౌండు గంట

"సంతకం ఒక్కటి పెట్టు, ఇగ నీకు ఫికర్ ఉండది" అంటూ మా ఆయన నా రాజీనామా కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టినప్పుడు నేను పదహారు కప్పుల చాయ్ వడపోస్తున్నాను. ఎంపీ ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, మా ఆయన పార్టీ మనిషి. ముడిమ్యాలలో మా ఇంటి వరండా ఉదయం ఏడింటికి నిండితే మళ్లీ చీకటి పడ్డాకే ఖాళీ అవుతుంది. కాగితం ఆయనే టైప్ చేయించుకొచ్చాడు. "కుటుంబ కారణాల వల్ల" అని ఉంది అందులో. కుటుంబం నాది, కారణాలు ఆయనవి.

"ఏం మాట్లాడవేంది?" అన్నాడు.

"ఏం మాట్లాడాలె? చాయ్ సల్లారుతున్నది" అన్నాను.

"ఇంకిద్దరొచ్చిన్రు" అని చెప్పి వెళ్లిపోయాడు జనార్దన్. ఆ రోజు శుక్రవారం. ఆదివారంతో నా సెలవు అయిపోతుంది, సోమవారం డ్యూటీలో చేరాలి.

దొంతన్‌పల్లి యూనివర్సిటీ క్యాంపస్‌లో తొమ్మిదేళ్లుగా లైబ్రరీ అసిస్టెంటుని నేను. జనవరి మొదట్లో మా అత్తమ్మ ప్రమీలమ్మకి మొయినాబాద్ దవాఖానలో మోకాలు ఆపరేషన్ అయ్యింది. నర్సుని పెడదామంటే "మా అవ్వను పరాయిది ముట్టుకుంటదా?" అన్నాడు మా ఆయన. ఆవిడని ఆయన కూడా ముట్టుకోలేదు, అది వేరే సంగతి. రెండు నెలలు సెలవు పెట్టాను. ఫిజియో సాముయేలు గారు మాత్రం ధైర్యం చెప్పారు. "మోకాలు మంచిగున్నది అమ్మా. ఇంట్లనే రోజూ ఇరవై రౌండ్లు నడువున్రి. వాకర్ లేకుండ ఒక్కరే తిరిగిన రోజు మీ కోడలికి మీ నుంచి ఛుట్టీ." మా ఆయన కూడా అదే మాట మీద నిలబడ్డాడు. అవ్వ ఒక్కతే నడిస్తే నేను డ్యూటీకి పోవచ్చు. నడవకపోతే సంతకం పెట్టాలి. అంటే నా ఉద్యోగం మా అత్తమ్మ మోకాలి మీద ఉంది.

నాకొక పిచ్చి ఉంది, ముందే చెప్పేస్తాను. ఇండోర్ అథ్లెటిక్స్ చూస్తాను. నేనెప్పుడూ పరుగెత్తింది లేదు, శంకర్‌పల్లి బస్సు వెనక తప్ప. పోయిన ఒలింపిక్స్ అప్పుడు క్యాంపస్ మూసేసి ఉంటే టీవీలో ఆడపిల్లల ఎనిమిది వందల మీటర్లు చూశాను, అంతే, పట్టుకుంది. చలికాలం వస్తే ఆ దేశాల్లో కప్పు కింద పరుగెత్తుతారు. ట్రాక్ రెండు వందల మీటర్లే, బయటి దానిలో సగం. ఇట్లా తిరిగేలోపే మలుపు, మలుపు దాటేలోపే ఇంకో మలుపు. ఎనిమిది వందలకి నాలుగు రౌండ్లు కొట్టాలి. ఇంత ఇరుకు చోట ఇంత వేగం ఎట్లా వస్తుందని నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. అందులోనూ ఇది ఒలింపిక్స్ ఏడాది. పేరున్నవాళ్లు కొందరు పారిస్ కోసం కాళ్లు దాచుకుని ఇండోర్‌కి రారు. అప్పుడు పేరులేనివాళ్లకి దారి దొరుకుతుంది. నాకు వాళ్లంటేనే ఇష్టం. "మనోళ్లు ఎవలన్న ఉన్నరా అండ్ల? లేరు. మరి నీకేమొస్తది?" అంటాడు మా ఆయన. మోకిలలో ఏ వార్డులో ఎవరికెన్ని ఓట్లొస్తాయో రోజంతా చెప్పుకుంటే అది పిచ్చి కాదు మరి. పోటీలు చాలావరకు మనం పడుకున్నాకే జరుగుతాయి. నేను తెల్లారి రికార్డింగు చూస్తాను. ఫలితం ఎవరైనా ముందే చెప్పేస్తారేమోనన్న భయం నాకెప్పుడూ లేదు. మా చేవెళ్ల మండలం మొత్తం గాలించినా అది తెలిసిన మనిషి ఇంకొకరు దొరకరు.

అత్తమ్మ మొదటి రోజు కుర్చీలోంచి లేవనంది. "ఇంట్ల ఏం నడకనే, గానుగెద్దు తిరిగినట్టు!" అంది. "ఇండోర్ల గిట్లనే తిరుగుతరు అత్తమ్మా, చూడున్రి" అని టీవీ పెట్టాను. మా అమ్మాయి సాహిత్య హాస్టల్‌కి పోయేముందు ఆ చానెల్ ఎట్లా పెట్టాలో నేర్పి పోయింది. అత్తమ్మ చాలాసేపు చూసి, "గవేం బట్టలే, సిగ్గు లేకుండ" అంది. ఇంకాసేపు చూసి, "ఎవలు గెల్చిన్రు?" అంది. ఆ వారంలోనే ఒక పొట్టిపిల్లని పట్టుకుంది. చెవులకి ఇంతింత రింగులు పెట్టుకుని పరుగెత్తుతుంది ఆ పిల్ల. పేరు నోరు తిరగక "కమ్మల పిల్ల" అని పెట్టింది. మా డైనింగ్ టేబులు, సోఫా చుట్టూ ఒక తిప్పు ఒక రౌండు. నాలుగు రౌండ్లు ఒక రేసు. రోజుకి ఐదు రేసులు. నేను సెల్‌లో టైం పెట్టి కాగితం మీద రాసేదాన్ని. అక్కడ ఆఖరి రౌండుకి గంట కొడతారు కదా, నేను దేవుడి గూట్లో గంట తెచ్చి కొట్టాను. "అయ్యో, దేవుని గంటనా! కండ్లు పోతయే నీకు!" అని లెంపలేసుకుంది. మూడో రోజు నేను మర్చిపోతే, "గంటేది? ఆఖరి రౌండు గాదా?" అని నన్నే కసిరింది.

ఎనభై సెకండ్ల రౌండు ఫిబ్రవరి సగానికి యాభైకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. రెండు వారాలుగా యాభై, యాభై ఒకటి, యాభై. మోకాలు బాగుందనే అంటున్నారు సాముయేలు గారు. "వయసు మీద పడ్డది, ఇగ అంతే" అన్నాడు మా ఆయన, ఆ మరుసటి రోజే కాగితం తెచ్చాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ప్రపంచ ఇండోర్ పోటీల్లో ఎనిమిది వందల హీట్స్. కమ్మల పిల్ల రెండోదిగా వచ్చింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. అంతలో వరండాలోంచి "చాయ్" అని కేక. ఇచ్చి, పెరటివైపు నుంచి వంటింట్లోకి వచ్చాను. అక్కడి నుంచి హాలు కనబడుతుంది. వాకర్ సోఫా పక్కనే ఉంది. మా అత్తమ్మ కొంగు నడుముకి చెక్కుకుని, టేబులు చుట్టూ తిరిగి, కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, మళ్లీ సోఫా దగ్గరికి వచ్చింది. నా వేలు అలవాటు కొద్దీ సెల్ మీద నొక్కేసింది. ఇరవై నాలుగు సెకండ్లు. నేను గిన్నె చప్పుడు చేశాను. ఆవిడ వాకర్ అందుకుని, "అమ్మా, గుంజుతున్నదే మోకాలు" అంది. ఆ రౌండు యాభై రెండు.

ఒళ్లు మండిపోయింది నాకు. రెండు నెలలు ఆవిడకి స్నానం చేయించాను, కాళ్లు ఒత్తాను, ఒక్క మాట అనలేదు. కొడుకు కాగితం తెచ్చాడు, తల్లి కాలు ఈడ్చింది, ఇద్దరూ కలిసి నా తొమ్మిదేళ్లని ఒక సంతకంలో చుట్టేస్తున్నారని అనిపించింది. శనివారమంతా ఆవిడతో అన్నం తినండి, మందు వేసుకోండి అనే రెండు మాటలే మాట్లాడాను. ఆ రోజు గంట కూడా కొట్టలేదు.

ఆదివారం పొద్దున సెమీస్ రికార్డింగు పెట్టాను. కోపమున్నా చూడకుండా ఉండలేను కదా. కమ్మల పిల్ల అందరికంటే వెనక పడింది. మూడు రౌండ్లు అట్లాగే వెనక.

"ఏమైందే దీనికి? చాతనైతలేదా?" అంది అత్తమ్మ.

"చాతనైతది అత్తమ్మా. కావాల్నని ఎనుక ఉంటున్నది. కాళ్లు దాసుకుంటున్నది" అన్నాను, టీవీ మీది నుంచి కళ్లు తిప్పకుండా.

టీవీలో గంట మోగింది. ఆ పిల్ల ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయింది. ఫైనల్‌కి వెళ్లిపోయింది. నేను చప్పట్లు కొట్టలేదు, ఆవిడా కొట్టలేదు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అంది అత్తమ్మ.

"శుక్రారం సంది."

ఆవిడ కొంగు కొసతో మోకాలి మీది మచ్చని రుద్దుకుంటూ కూర్చుంది. "ఈ ఇంటికొచ్చి యాభై మూడేండ్లయింది. నేను ఒండితే తిన్నోళ్లే గని, నా పక్కన కూసొని నాతోని ఒక్కటి చూసినోళ్లు లేరు బిడ్డా. మీ మామ ఉన్నప్పుడు వార్తలు చూస్తుండె, నేను దర్వాజ కాడ నిలబడి చూస్తుంటి. నాకు సప్పట్లు కొట్టింది నువ్వొక్కదానివే. నేను నడిస్తె సోమారం నువ్వు పోతవ్. తలుపు దగ్గరేసి పోతవ్."

"నా నౌకరి అత్తమ్మా అది" అన్నాను.

"ఎరుకనే. ఆ కాయిదం సుత చూసిన. నాకు సదువు రాకపాయె గని, వాడు దాన్ని తెచ్చిన తీరు చూస్తె తెల్వదా? తెలిసి తెలిసి కుంటిన." ఆవిడ ఏడ్చింది. యాభై మూడేళ్లు ఆ దర్వాజా దగ్గర నిలబడిన మనిషిని ఈ చలికాలం దాకా నేనూ కూర్చోమనలేదని గుర్తొచ్చి నాకూ ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"నాకింక కోపమున్నది. రెండ్రోజులుంటది" అన్నాను.

"ఉండనీ" అంది ముక్కు చీదుకుంటూ.

మధ్యాహ్నం పార్టీవాళ్లు నలభై మందికి మా ఇంట్లో భోజనాలు. బగారన్నం, కోడికూర పొద్దున్నుంచీ నేనే నిలబడి వండాను. తిన్నవాళ్లంతా వరండాలో, వాకిట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేను ఎంగిలి ప్లేట్లు తీస్తున్నాను. "సమతా!" అని హాల్లోంచి పిలిచింది అత్తమ్మ. వాకర్‌ని గోడకి తోసేసి టేబులు దగ్గర నిలబడి ఉంది. "రేసు పెట్టు. గంట తెచ్చుకో."

రాసుకునే కాగితం ఎక్కడో పోయింది. చేతికందింది ఫ్రిజ్ మీదిదే. దాన్ని వెనక్కి తిప్పి పెన్ను పట్టుకున్నాను. మొదటి రౌండు ఇరవై ఆరు. రెండోది ఇరవై ఐదు. ఆవిడ పెదాలు బిగబట్టి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి నడుస్తోంది. మూడోది ఇరవై నాలుగు. నా చేతిలో ఎంత బలముందో అంత బలంతో గంట కొట్టాను.

మా ఊళ్లో ఇంట్లో గంట మోగితే అర్థం ఒక్కటే. వరండాలో కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. చెప్పులు విడిచిన చప్పుడు. చూస్తుండగానే పాతికమంది మగవాళ్లు చేతులు జోడించుకుని హారతి కోసం హాల్లోకి వచ్చేశారు. అందరికంటే ముందు మాజీ సర్పంచ్ శంకరయ్య, కళ్లు మూసుకుని, హారతి పళ్లెం కోసం చెయ్యి చాపుకుని సరిగ్గా మలుపులో నిలబడ్డాడు.

"పక్కకు జరుగు శంకరయ్యా! ఆఖరి రౌండు!" అని అరిచింది అత్తమ్మ.

ఆయన ఉలిక్కిపడి గోడకి అతుక్కున్నాడు. మిగతావాళ్లు కూడా జోడించిన చేతులు విప్పకుండానే దారిచ్చారు. ఆవిడ వాళ్ల ముందు నుంచి టేబులు చుట్టి వచ్చి సోఫా చెయ్యి పట్టుకుంది. ఇరవై ఒకటి. శంకరయ్య ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. ఆయన కొడితే అందరూ కొట్టారు.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "దేవుని గంటతోని ఆటలేంది? అందరి ముంగట ఇజ్జత్ తీస్తరా?" అన్నాడు. అంతలోనే అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి గొంతు మార్చాడు. "మా అవ్వంటే పానం సమతకు. అవ్వ కోసమే నౌకరి ఇడ్సిపెడుతున్నది."

నేను కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"సంతకమేది?"

"పెట్టలే. పెట్ట. అవ్వ నడుస్తున్నది, అందరు చూసిన్రు గద. రేపు పొద్దుగాల ఎనిమిది గంటల బస్సుకు డ్యూటీకి పోతున్న."

"మరి ఇంటికొచ్చినోళ్లకు చాయ్?" అన్నాడు తగ్గు గొంతుతో.

"చాయ్‌పత్త ఎడమపక్క డబ్బల ఉన్నది. చక్కెర దాని ఎనుకనే."

"నా పేరు చెప్పి ఆమె నౌకరి తియ్యకు కొడుకా" అంది అత్తమ్మ ఆయాసపడుతూ. "జర మంచినీళ్లియ్యి." ఆయన వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

సోమవారం రెండు నెలల తర్వాత నా కుర్చీలో కూర్చున్నాను. టేబులు మీద పేపర్లు పేర్చి ఉన్నాయి. ఫైనల్ మేం నిద్రలో ఉండగానే అయిపోయింది. నేను రికార్డింగు చూసి రాలేదు. క్రీడల పేజీ కనబడకుండా పేపర్లన్నీ బోర్లించి పెట్టాను. పదకొండింటికి సెల్ మోగింది. నా ఫొటో మీద నొక్కితే నాకే ఫోనొస్తుందని అత్తమ్మకి పొద్దున నేర్పి వచ్చాను.

"సమతా, కమ్మల పిల్ల గెల్చిందా లేదా నాకు చెప్పకు!" అంది, పలకరింపు కూడా లేకుండా. "నీ మొగడు చాయ్ తెచ్చిచ్చి, టీవీ పెడుతనన్నడు. వద్దన్న. నువ్వొచ్చినంక ఇద్దరం చూద్దాం."

ఫలితం ముందే చెప్పేయకుండా నేను జాగ్రత్తపడాల్సిన మనిషి ఇప్పుడు మా చేవెళ్ల మండలంలో ఒకరున్నారు.