పరామర్శకు వెళ్లిన సంచీ

నేను ఒక తోలు సంచీని. ఇప్పుడు నా కడుపునిండా కాగితాలే గానీ, ఒకప్పుడు నాలో స్పిరిట్ వాసన గుప్పుమనేది. హైదరాబాదులో ఓ దుకాణం వెనక గదిలో గేదె తోలుతో నన్ను కుట్టారు. మొదట కొన్నవాడు మందుల కంపెనీ ప్రతినిధి. తాను ఒక్కనాడూ తాగని దగ్గు మందును ఊరూరా తెగ పొగిడేవాడు. ఉద్యోగం మానేస్తూ నన్ను డాక్టర్ పురుషోత్తం చేతిలో పెట్టి వెళ్లాడు.

ఈయనకు కరీంనగర్ దగ్గర ఓ మండల కేంద్రంలో చిన్న క్లినిక్ ఉండేది. ఇంటికి రమ్మంటే కాదనే మనిషి కాదు. స్కూటరు ముందు నన్ను నిలబెట్టుకుని ఎన్ని ఊళ్ల దుమ్ము తినిపించాడో చెప్పలేను. అయినా ఆ బతుకే నాకు నచ్చింది. నన్ను చూడగానే జనానికి సగం ధైర్యం వచ్చేది, సూది బయటికి తీయగానే అది కాస్తా పోయేది.

ఒక సాయంత్రం స్రవంతి అనే ఇంటర్ చదివే పిల్ల జ్వరంతో వచ్చింది. ఆయన సూది మందు సిద్ధం చేశాడు. ఆ సూది వేసే ముందు చర్మం కింద కొంచెం మందు ఎక్కించి, ఒంటికి పడుతుందో లేదో చూడాలి. బయట వరస పొడుగ్గా ఉంది. ఆయన అలా చూడకుండానే సూది వేశాడు. పిల్ల అక్కడే కుప్పకూలింది. విరుగుడు మందు నాలోనే ఉంది, గబగబా తీసి ఎక్కించాడు కూడా. పిల్ల దక్కలేదు.

ఇలాంటప్పుడు చాలామంది డాక్టర్లు క్లినిక్‌కు తాళం వేసి ఊరు దాటుతారు. ఈయన పరామర్శకు వెళ్లాడు. అలవాటు కొద్దీ నన్నూ మోసుకెళ్లాడు, ఆ ఇంట్లో ఇక నాతో ఏం పనో. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పిల్ల తల్లి బుచ్చవ్వ ముందు నేల మీద కూలబడి, "తప్పు నాదేనమ్మా. తొందరపడ్డ. నన్ను క్షమించు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

 ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"మొకం చాటెయ్యకుంట అచ్చినవ్ సారూ. గదే సాలు" అంది.

బుచ్చవ్వ మరిది ఇదంతా ఫోన్లో తీశాడు. తీసి మెడికల్ కౌన్సిల్‌కు పంపాడు. వాళ్లు విచారణ పెట్టి, తప్పు ఒప్పుకున్నాడు కదా అని ఆయన పేరును డాక్టర్ల రిజిస్టరు నుంచి శాశ్వతంగా తీసేశారు. నాలో స్టెతస్కోపు పోయి కేసు కాగితాలు చేరాయి.

దాని మీద ఆయన హైకోర్టులో రిట్ వేశాడు. వకీలు తెలివైనవాడే. "జనం చుట్టుముట్టిన్రు, కొడతరన్న భయంతోని అట్లన్న అని అఫిడవిట్ ఇయ్యండి సార్. లేకుంటే ఆ వీడియోనే మనల్ని ముంచుతది" అన్నాడు.

"నన్నెవ్వరు ఏమనలేదండి."

"మరి వైద్యం వదిలేసుకుంటరా?"

ఆయనకు వేరే పని రాదు. కాగితం కింద ఆనించుకోవడానికి ఏమీ దొరక్క, నన్నే ఒళ్లో పెట్టుకుని సంతకం చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడ్చి పొందిన క్షమను మనుషులు ఇంత సులువుగా రద్దు చేసుకోగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎవరైనా బెదిరించి ఉంటే ఆనాడే పోలీసులకు ఎందుకు చెప్పలేదని జడ్జి అడిగారు. అఫిడవిట్ నమ్మలేదు. రిట్ కొట్టేశారు.

కౌన్సిల్ తరఫు వకీలు అఫిడవిట్‌లో ఏముందో, తీర్పు వినడానికి వచ్చిన బుచ్చవ్వకు తెలుగులో చెప్పినట్టున్నాడు. ఆమె కోర్టు వరండాలో మా బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, గా దినం నువ్వు మా భయానికి ఏడ్సినవా? గా మాట పట్టుకోనే నేను ఇన్నొద్దులు బతికిన."

ఆయన నోరు తెరిచాడు. మా వకీలు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పీలుకు పోతున్నం సార్. ఒక్క మాట గూడ అనకండి."

ఆయన నోరు మూసుకున్నాడు. నాకు ఆయన మీద జాలి, అసహ్యం రెండూ ఒకేసారి కలిగాయి. బుచ్చవ్వ మెట్లు దిగి వెళ్లిపోయింది.

అప్పీలూ పోయింది. ఇక ఆయన మాటకు అడ్డుపడే వాళ్లెవరూ లేరు. నిన్న కాగితాలతో సహా నన్ను స్కూటరు మీద పెట్టుకుని ఆ ఊరికి వెళ్లాడు. బుచ్చవ్వ అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఆయన ఆమె ముందు కూర్చుని, "గా దినం నేను నిజంగనే ఏడ్సిన బుచ్చవ్వా. భయం గాదు" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది.

"ఇగ గిది ఏ కోర్టు కోసం సారూ?" అంది.