రెండు గంటలకు ప్రపంచ చరిత్ర

దూది దుమ్ముకు ఇర్ఫానా మళ్ళీ దగ్గింది. కొంగు ముక్కు మీదికి లాక్కుని పత్తి కుప్ప ముందు నుంచి లేచింది. ఆదోని జిన్నింగు మిల్లులో అప్పుడు పన్నెండు కావస్తోంది. ఎమ్మిగనూరులో రెండు గంటలకు డిగ్రీ పరీక్ష, ప్రపంచ చరిత్ర. మిగతా పేపర్లన్నీ పాసైంది. ఇదొక్కటే రెండేళ్ళుగా పత్తి సీజనులో పడి తప్పిపోతోంది. ఈసారీ రాయకపోతే గడువు తీరి, పాసైనవి కూడా పోతాయి.

"యాడికి?" మేస్త్రీ జయన్న గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"పరీచ్చకు, అన్నా. నిన్ననే సెప్పినా గదా."

"సెప్పినావు. నేను సరే అన్నానా?" గేటుకు తాళం వేశాడు. "లారీకి సరుకు నిండల్ల. జట్టులో ఒకరు లేస్తే అందరికీ కూలి కట్. తెల్దా నీకు?"

మిల్లులో ఆ రూలు తాళం కన్నా గట్టిది. రోజు కూలి మూడు వందల యాభై పోతుందంటే ఆడవాళ్ళే ఒకరికొకరు కాపలా కాస్తారు.

జట్టుకు పెద్ద ఉచ్చీరమ్మ వచ్చి ఇర్ఫానా రెక్క పట్టుకుంది.

"కూసో మే. నీ సదువుకు మా పొయ్యిలో నీళ్ళు పోస్తావా?"

"ఇడువవ్వా. బస్సు పోతాది."

"పోనీ. సచ్చిన రాజుల పేర్లు రాసొస్తే కలెక్టరు పనిస్తారా?"

"మొగుని పుట్టిన దినం తెల్దు గానీ, రాజుల పెండ్లాల పేర్లన్నీ తెల్సు దీనికి" అంది షబానా, పత్తి ఏరుతూనే. జట్టంతా నవ్వింది.

ఇర్ఫానాకు ఒళ్ళు మండింది. "రాజులే కాదు, కూలోళ్ళూ ఉండారు ఆడ. ఈజిప్టు దేశంలో, మూడు వేల ఏండ్ల కిందట. రాజుకు గోరీ తొలిసేటోళ్ళకు కూలి కింద గింజలిస్తాండ్రి. ఒకతూరి ఇయ్యల్యా. ఆకలికి తాళల్యాక పని ఇడిసిపెట్టి, గుడికాడికి పోయి కూసున్నారు."

ఉచ్చీరమ్మ పట్టు వదల్లేదు. "ఒకరా, అందరూనా?"

"అందరూ."

"గింజలొచ్చినాయా?"

"వచ్చినాయి. మళ్ళా ఆపినారు. మళ్ళా కూసున్నారు."

"కతలు బాగుండాయి" అన్నాడు జయన్న. "ఉచ్చీరమ్మా, దాన్ని లాక్కపో. లేకుంటే రేపట్నుంచి నీ జట్టే వద్దు. సిరుగుప్ప నుంచి ఇంకో జట్టును దింపుతా."

ముసలామె సగమే నిండిన లారీ వైపు చూసింది. సాయంత్రం లోగా అది కదలకపోతే ముందు తిట్లు తినేది జయన్నే. ఆ సంగతి జట్టుకంతా తెలుసు.

"ఒకరు లేస్తే అందరికీ కట్. అంతేనా జయన్నా?"

"అంతే."

"ఇది లేసింది. కట్టయిపోయింది. కూలి ల్యాకుండా ఇంక మాకు పనేముండాది?"

ఉచ్చీరమ్మ ఇర్ఫానా రెక్క వదిలేసి, గేటు ముందు మట్టిలో చతికిలబడింది. "గేటు తీ. ఇది బస్సెక్కినాక మాట్లాడదాం." ఆ వెంటనే ఇర్ఫానా వైపు తిరిగింది. "ఫేలయి వస్తే కాళ్ళిరగ్గొడతా మే."

షబానా వచ్చి ముసలామె పక్కన కూర్చుంది. జయన్న జేబులో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. అతను ఫోను తీయలేదు. ఇంకా నిలబడే ఉన్న ఆడవాళ్ళలో ఒకామె జయన్న ముఖంలోకి చూస్తూనే, తానూ కూర్చోడానికి మెల్లగా కిందికి వంగింది.