నీలం సైకిల్ మీద ఎడమ కాలు

సైకిళ్ల దుకాణంలో చేరిన కొద్ది రోజులకే హిస్కె చెప్పాల్సిన మాటలన్నీ బట్టీ పట్టేసింది. బ్యాటరీ సైకిల్‌కి ఒక వరస, పిల్లల సైకిల్‌కి ఒక వరస, పెద్దవాళ్ల మూడు చక్రాల బండికి మరో వరస. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ఆమెకు బెరుకు. ఎదుటి మనిషి మాట్లాడకపోతే ఇంకా భయం. అందుకే ఎవరు లోపలికి వచ్చినా, వాళ్లకు సరిపోయే వరస వెతుక్కుని గబగబా అప్పజెప్పేసేది.

ఒక ఉదయం ఔక్యె వచ్చింది. కాలువ గట్టు మీది ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. చలికాలంలో మంచు మీద జారిపడి తుంటి విరిగిన దగ్గర్నుంచి బోల్స్‌వార్ట్ ఊరి వీధుల్లో ఆవిడ సైకిల్ మీద కనబడలేదు. చేతికర్రను గోడకు ఆనించి, నీలం రంగు సైకిల్ దగ్గర నిలబడింది. హ్యాండిల్ పట్టుకుంది. ఎడమ కాలు మెల్లగా ఎత్తి పెడల్ మీద పెట్టింది. అలాగే ఉండిపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని హిస్కె భరించలేకపోయింది.

"అది మీకు కష్టమమ్మా! ఇటు రండి, మూడు చక్రాలది చూపిస్తాను. పడతామన్న భయమే ఉండదు. మీ వయసువాళ్లంతా ఇదే తీసుకుంటున్నారు. వెనక బుట్ట కూడా ఉంది."

ఔక్యె కాలు దించింది.

"ఓహో, బుట్ట కూడానా? ఇంకేం, నన్నూ అందులోనే కూర్చోబెట్టి తోసుకెళ్లొచ్చు" అని నవ్వింది.

తన మాట నచ్చిందనుకుని హిస్కె కూడా నవ్వింది. ఆవిడ కర్ర అందుకుని, "మంచిపిల్లవే. ఆలోచించుకుంటాలే" అంటూ వెళ్లిపోయింది.

వెనక గదిలో పంచరు వేస్తున్న యజమాని వొబ్బె బయటికి వచ్చాడు.

"ఏమడిగింది?"

"ఏమీ అడగలేదండీ. నేనే చెప్పాను."

"అదేనే తల్లీ, నువ్వే చెప్పావు. ఆవిడ ఎడమ కాలు వేసి చూసుకోవడం తలుపు సందులోంచి చూశాను. నువ్వైనా అంతేగా, ఎడమ కాలు పెడల్ మీద వేసి, రెండో కాలితో నేలను తన్ని ఎక్కుతావు. ఇంకా ఎక్కగలనా అని చూసుకోవడానికొచ్చింది ఆ మనిషి. అలాంటప్పుడు సీటు వెనక పట్టుకుని నోరు మూసుకోవాలి."

"మరి మీరు రావచ్చుగా!"

"చేతులనిండా సొల్యూషన్. పైగా నువ్వే అడుగుతావనుకున్నా, ఎక్కడికెళ్లాలమ్మా అని."

శనివారం దుకాణం మూయగానే హిస్కె ఆ నీలం సైకిల్ నడిపించుకుంటూ గట్టు మీది ఔక్యె ఇంటికి వెళ్లింది. కొత్త వరస ఏదీ అల్లుకోకుండా ఉండటానికి దారంతా తంటాలు పడింది.

ఔక్యె తలుపు తీసి, సైకిల్‌ని చూసి, గుమ్మం దిగి వచ్చింది.

"మీరు ఎక్కడికి వెళ్లాలనుకున్నారమ్మా?"

"మా చెల్లెలి ఊరికి. ఈ గట్టు వెంబడే. ఎదురుగాలి లేకపోతే అది కలిపిన కాఫీ చల్లారేలోపే చేరేదాన్ని." ఆవిడ బెల్ ఒక్కసారి మోగించింది.

"వెనక నేను పట్టుకుంటాను. ఒక్కసారి చూడండి."

ఆవిడ తన ఎడమ కాలివైపు చూసుకుంది. కాలు లేవలేదు.

"ఆ పొద్దున ఎలాగో ధైర్యం కూడగట్టుకుని వచ్చానే. ఇవాళ అది లేదు. బస్సులో వస్తానని మా చెల్లెలికి చెప్పేశాను కూడా. ఆ గోడకు ఆనించి రా, కాఫీ తాగుదువుగాని."

కాఫీ తాగినంతసేపూ ఇద్దరూ కిటికీలోంచి సైకిల్ వైపే చూశారు. హిస్కె ఏమీ మాట్లాడలేదు. నిశ్శబ్దం ఆమె అనుకున్నంత భయంగా లేదు. ఆ ఉదయం కాస్త ఆగి చూసి ఉంటే, అప్పుడూ భయంగా ఉండేది కాదు.

తిరిగి వెళ్లేటప్పుడు, ఔక్యె కిటికీలోంచి చూస్తుండగా, హిస్కె సైకిల్ ఎక్కలేదు. నడిపించుకునే వెళ్లింది.