నాలుగు వంపుల లెన్సు

ఆయన ఇరవై రెండేళ్లుగా కాంటాక్ట్ లెన్సులు చెక్కుతున్నాడు. గుండీ అంత ప్లాస్టిక్ బిళ్లను లేత్ మిషన్‌కు బిగించి, వజ్రపు మొనతో, మిల్లీమీటరులో వందో వంతు తేడా రాకుండా లోపలి వంపు తీస్తాడు. కార్ఖానాలో అందరికీ ఆయన లేత్ మాస్టారు. ఆర్డరు చీటీల్లో అంకెలు చూడటమే గానీ, తాను చేసిన లెన్సును ఒక్కసారైనా ఎవరి కంటి మీదా చూడలేదు.

కూతుర్ని ఇంట్లో రేడియో అంటారు. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడదు. బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆ ఏడాది బడులు తెరిచాక రేడియో మూగబోయింది. ఏమైందని తల్లి ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదమ్మా, పని ఎక్కువైంది" అనేది.

ఒకరోజు ఒక పాప తండ్రి బడికి వచ్చి పరీక్ష కాగితం బల్ల మీద పెట్టాడు. పాప రాసిన మూడును రేడియో ఎనిమిది అనుకుని తప్పు కొట్టేసింది. ఇప్పుడు కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూసింది. తప్పు తనదేనని ఒప్పుకుని మార్కులు వేసింది. బడి వదలగానే, చూపు పరీక్షించి లెన్సులు అమర్చే ఆప్టోమెట్రిస్టు దగ్గరికి వెళ్లింది.

మూడో రోజు మాస్టారు చేతికి ఒక ఆర్డరు చీటీ వచ్చింది. కుడి కన్ను, వంపు వ్యాసార్ధం ఆరు పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. మామూలు కళ్లకు ఏడున్నర పైచిలుకు ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువవుతుంది. "పాపం, ఎవరో" అనుకుంటూ పైన పేరు చదివాడు. మిషన్ ఆపేశాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది దాటింది నాన్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"లోకంలో అందరి కళ్లకూ వంపులు సరిచేసేవాడివి. నా కన్నే వంకరపోయిందని ఏ మొహంతో చెప్పను?"

ఎదురుగా కూర్చుని అన్నం తిన్న పిల్ల ఏడాదిగా మసకలో బతుకుతుంటే తన కంటికి ఆనలేదు. ఆ బాధ మాస్టారిని అన్నిటికన్నా ఎక్కువగా నలిపేసింది.

లెన్సు తానే చెక్కాడు. సెలవు పెట్టి, దాన్ని తానే తీసుకుని కూతురితో వెళ్లాడు. ఆప్టోమెట్రిస్టు మాస్టారి వయసు ఆమే, నిదానంగా మాట్లాడే మనిషి.

"కంటి ముందున్న పారదర్శకమైన పొర బంతిలా గుండ్రంగా ఉండాలండీ. అమ్మాయికి మధ్యలో పలచబడి కోసుగా పొడుచుకొచ్చింది. ఇక కళ్లజోడు చాలదు. గట్టి లెన్సు పెడితే దానికీ కంటికీ మధ్య సందులో కన్నీళ్లు నిండి ఎగుడుదిగుడు సరిపోతుంది."

"చూపు పోతుందా అమ్మా?"

"భయపడకండి. ఇంకా పెరుగుతోందేమో కొన్ని నెలలకోసారి చూస్తుంటాం. పెరిగితే ఆపడానికి చికిత్స ఉంది."

లెన్సు పెట్టి, కంట్లో రంగుమందు వేసి, నీలి దీపం వెలిగించింది. "మీరూ చూడండి" అంటూ, కంటిని పెద్దదిగా చూపే పరికరం ముందునుంచి లేచింది.

మాస్టారు కళ్లు ఆనించాడు. లెన్సు కింద రంగు కన్నీళ్లు పచ్చగా మెరుస్తున్నాయి. నట్టనడుమ నల్లటి మచ్చ. అక్కడ లెన్సు కంటిని నొక్కుతోంది. అంచు పైకి లేచి ఉంది. తాను నున్నగా తీశానని మురిసిన వంపు, కూతురి కంటిని గుచ్చుతోంది.

"కంట్లో గులకరాయి పెట్టినట్టుంది నాన్నా."

రెండోది ఆరు పాయింట్ రెండుతో చేశాడు. ఈసారి మధ్యలో పచ్చరంగు మడుగు కట్టి, అందులో ఒక గాలిబుడగ ఇరుక్కుంది. అంచులు కంటిని కరుచుకున్నాయి. రేడియో చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. "ఏడవట్లేదు, కారుతున్నాయంతే" అంది.

మాస్టారు చాలాసేపు పరికరం వదల్లేదు. తర్వాత కాగితం అడిగి గీత గీశాడు. "మధ్యలో కోసుగా ఉన్న కన్ను పక్కలకు ఒక్కసారిగా చదునవుతోంది. మన లెన్సు మాత్రం మెల్లమెల్లగా చదునవుతోంది. మధ్య కుదిరితే అంచు చెడుతోంది, అంచు కుదిరితే మధ్య."

ఆప్టోమెట్రిస్టు గీతను తనవైపు తిప్పుకుంది. "అయితే ఒక్కో వలయానికి ఒక్కో వంపు ఇద్దాం. మధ్యలో ఆరున్నర. బయటికి పోయేకొద్దీ అంకె గబగబా పెంచుదాం. మూడు వలయాలు చాలా?"

"నాలుగు చేస్తా. ఒకదాంట్లోంచి ఒకటి గీత తెలియకుండా కలిసేలా నునుపు చేస్తా."

ఆ లెన్సుకు రెండు రోజులు పట్టింది. మొదటి బిళ్ల పగిలింది. రెండోది నిలిచింది.

నీలి దీపం కింద ఈసారి పచ్చదనం పల్చగా, ఇంచుమించు ఒకేలా పరుచుకుంది. రెప్ప వేసినప్పుడల్లా లెన్సు కొంచెం జరిగి మళ్లీ చోటికి వస్తోంది. ఆప్టోమెట్రిస్టు తల ఊపింది. రేడియో గోడమీది అక్షరాలు కింద నుంచి రెండో వరుసదాకా చదివేసింది. ఆగకుండా తండ్రివైపు తిరిగి, "నాన్నా, నీ మీసం ఇంత నెరిసిందేంటి? చొక్కాకు పై గుండీ కూడా లేదు. అమ్మ చూడలేదా?" అని మొదలుపెట్టింది. మాస్టారు నవ్వబోయి, ముక్కు తుడుచుకున్నాడు.

ఎడమ కన్ను ఇంకా మిగిలే ఉంది. లెన్సు మొదట రోజుకు నాలుగు గంటలే పెట్టుకోవాలి. కొన్ని రోజులు కన్ను ఎర్రబడుతుంది కూడా.

వెళ్లబోతూ మాస్టారు గుమ్మంలో ఆగాడు. "అమ్మా, చీటీలో అంకెలు చూసి చెక్కడం వేరు, ఇలా చూడటం వేరు. వారానికి ఒకపూట వచ్చి కూర్చోనా?"

"రండి. మిమ్మల్ని అడగాల్సినవి నాకూ బోలెడున్నాయి."

అప్పటినుంచి ప్రతి గురువారం ఆయన అక్కడే ఉంటాడు. వచ్చినవాళ్లు సరేనంటేనే పరికరంలోంచి చూస్తాడు. మొన్న ఒక పెద్దావిడ లెన్సు పెట్టుకుని రెప్పలు టపటపలాడిస్తుంటే, దగ్గరికి జరిగి చూశాడు.

"అంచు కాస్త లేచిందమ్మా. మీ కన్నుది కాదు తప్పు, నా వంపుది. రేపటికి సరిచేసి ఇస్తాను."