ఎమ్మారై గదిలో ఆయన పాదం

నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కుతోందో లేదో ఎమ్మారైలో తేలితే గాని మా ఆయనకు ఆపరేషన్ చెయ్యరు. ఆయన్ని ఒంటరిగా పంపడానికి మనసొప్పక, చెవిపోగులూ పిన్నులూ తీసేసి నేనూ లోపలికెళ్లి, యంత్రం గొట్టంలోంచి బయటికున్న ఆయన పాదం పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి టెక్నీషియనమ్మాయి వచ్చింది. "తాతగారూ, బొమ్మలన్నీ మసగ్గా వచ్చాయి. కదలొద్దన్నానా?"

"నేను కొయ్యలా పడున్నానమ్మా! ఆవిడే, నేనున్నానో లేదోనని నిమిషానికోసారి కాలు గుంజి చూస్తోంది."

"మళ్లీ తియ్యాలి మామ్మగారూ."

"ఈసారి ముట్టుకోను" అన్నాను.

"నీ చేతులు నీ మాట వింటాయా?" అన్నారాయన. "బయటికెళ్లవే. ఈ నొప్పితో మూడోసారి పడుకోలేను."

ఆ మాటకు లేచి, పాదం మీద దుప్పటి సర్ది బయటికొచ్చాను. యంత్రం మళ్లీ దడదడలాడింది. కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. తలుపు మాత్రం తియ్యలేదు.