సున్నా నుంచి పది దాకా

పట్టుపోగు నా వేలికి తగులుకున్నప్పుడు మా అత్త ముందు పోగును చూస్తుంది. పోగు తెగలేదని నమ్మకం కుదిరాక నా వేలిని చూస్తుంది. "జర నూనె రాసుకొని కూసోరాదే" అంటుంది. నూనె చేతులతో పట్టు ముట్టుకుంటే మరక పడుతుందని మొన్న తిట్టింది కూడా తనే. నేను రెండు మాటలకూ "సరే అత్తా" అన్నాను. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో నేను ఎక్కువసార్లు పలికిన మాట అదే అయి ఉంటుంది.

మాది గద్వాల. ముందు గదిలో గుంట మగ్గం. దాని మీద మా ఆయన నేస్తాడు. చీర బాగా వస్తే ఆయన పేరు చెప్పుకుంటారు, రావలసిన పేరే. నేను కండెలకు పోగు చుడతాను. చీరలు దిగిపోయి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, వచ్చినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొస పెట్టి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతుకుతాను. అలా వేల పోగులు. ఒక్కటి జారినా చీర పొడవునా గీత పడుతుంది. ఆ మధ్యలోనే పొయ్యి, నీళ్లు, గురుకులంలో ఉన్న పిల్లలిద్దరి ఫోన్లు. భార్య ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఆయన "ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది" అంటాడు. అబద్ధం కాదు, మగ్గం కూడా ఇంట్లోనే ఉంది.

ఏడేళ్ల కిందట మోచేతుల మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చలు లేచాయి. వాటి మీద తెల్లటి పొలుసులు కట్టాయి. ఇప్పుడు నడుము, తొడలు, తల, అరచేతులు, అన్నీ దాని కిందికే వచ్చాయి. సోరియాసిస్ అని, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని గద్వాల చర్మం డాక్టరు మా ఆయన ముందరే మూడుసార్లు చెప్పాడు. అయినా నా గ్లాసు వేరే గూట్లో ఉంటుంది. జొన్నరొట్టెలు తట్టేది నా చేతులే, చుట్టాల ముందు పళ్లెం పెట్టేది మాత్రం మా అత్త. రవిక చేతులు మణికట్టు దాకా ఉంటేనే మా ఆయన నా వైపు తిరుగుతాడు. ఇది ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పాలంటే సిగ్గేసేది. ఆ సిగ్గు నాకే ఎందుకు ఉండాలో అప్పట్లో తోచలేదు.

ఎట్లుందని అడిగేవాళ్లు లేరని కాదు. మా ఆయన అడుగుతాడు, కాళ్లు మగ్గం గుంటలో ఆడిస్తూ, కళ్లు పోగు మీద పెట్టి. "ఏం లేదు, గింత దురద" అంటాను. ఆ 'ఏం లేదు' నేను మా అత్త దగ్గరే నేర్చుకున్నాను. ఆమె పేరు జములమ్మ. నలభై ఏళ్లుగా రాట్నం ముందే కూర్చుంటోంది. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి, లేవాలంటే మగ్గం గుంజ పట్టుకుని, ఒకసారి కూలబడి, రెండోసారికి లేస్తుంది. ఏమైందమ్మా అని కొడుకు అంటే "ఏం లేదురా" అంటుంది. ఆ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు అది గొప్ప ఓర్పు అనుకుని నేనూ అలాగే ఉండాలనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఆ చర్మం డాక్టరే హైదరాబాదులోని ఒక దవాఖాన అడ్రసు రాసిచ్చాడు. ఈ జబ్బుకు కొత్త సూది మందొకటి వచ్చిందని, ఇంకా బజారులోకి రాలేదని, ఒప్పుకున్న రోగులకు ఇచ్చి పరీక్షిస్తున్నారని, దాన్ని క్లినికల్ ట్రయల్ అంటారని చెప్పాడు. మా అత్త వినగానే "నీకు ఏసి చూస్తరా, ఏమన్నయితే ఎవరు జవాబు చెప్తరు" అంది. ఆ భయం నాకూ ఉంది. మా ఆయన రెండు రోజులు ఆలోచించి, "చేతులు బాగైతే పడుగు ఆగదు గదా, పోదాం తీ" అన్నాడు. ఒప్పుకున్నాడన్న సంతోషంలో ఆ మాటకు కోపం రాలేదు. మర్నాడు రొట్టెలు తడుతుంటే వచ్చింది.

పొద్దున రైలుకు ఇద్దరం వెళ్లాం. ట్రయల్ పనులు చూసే ప్రేమలత అనే అమ్మాయి తెలుగులో ఉన్న కాగితాలు నా ముందు పెట్టి ఒక్కొక్క పేజీ చదివించింది. చివరి పేజీ రాగానే మా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. పిల్లలు పుట్టకుండా నాకు ఆపరేషన్ చేసిన రోజు కూడా ఆ పెన్నే కాగితం మీద నడిచింది. ప్రేమలత మర్యాదగానే, "అన్నా, సంతకం అక్క పెట్టాలె. మీరు జర బయట కూసోండి" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

ఆయన బయటికి వెళ్లాక ప్రేమలత చిన్న కెమెరా పెట్టి, నాకేం అర్థమైందో నా మాటల్లోనే చెప్పమంది. మొదటి నాలుగు నెలలు నాకిచ్చేది అసలు మందో, మందు లేని ఉత్త సూదో ఎవరికీ తెలియదని, డాక్టరుకు కూడా తెలియదని చెప్పాను. మందు పడకపోతే ఏమేం కావచ్చో చెప్పాను. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చని, కారణం చెప్పక్కర్లేదని చెప్పాను.  అంతకుముందు ఎవరూ నాకు అలాంటి మాట కాగితం మీద రాసి ఇవ్వలేదు. సంతకం నేనే పెట్టాను.

ఆమె నీలం అట్ట ఉన్న చిన్న పుస్తకం ఇచ్చింది. రెండు వారాలు ఏ మందూ పూయకూడదు. రోజూ సాయంత్రం, గడిచిన రోజులో దురద బాగా ఎక్కువైనప్పుడు ఎంతుందో ఒక అంకె వేయాలి. ఏమీ లేకపోతే సున్నా, ఇంతకు మించి ఉండదనిపిస్తే పది. ఆ పుస్తకం చూసి, ఒళ్లు చూసి, అప్పుడు ట్రయల్‌లోకి తీసుకునేదీ లేనిదీ చెబుతారు.

మొదటి సాయంత్రం రెండు వేశాను. ఏమీ ఆలోచించలేదు, చెయ్యి అలా పోయింది. మర్నాడు మూడు వేసి, ఎక్కువ చెప్పుకున్నానేమో అనిపించి తర్వాతి రోజు మళ్లీ రెండుకు దిగాను. ఎవరైనా వడ్డిస్తుంటే ఆకలి ఉన్నా చాలు చాలు అంటాం చూడండి, అదే అలవాటు. పెద్ద అంకె వేస్తే ఓర్వలేని మనిషి అనుకుంటారని, నాకంటే ఎక్కువ బాధపడేవాళ్ల చోటు నేను తీసుకున్నట్టవుతుందని ఏవేవో అనుకున్నాను. పైగా ఆ పుస్తకం గూట్లో అందరికీ కనబడేలా ఉంటుంది. మళ్లీ వెళ్లాల్సిన పొద్దున మా అత్త "దవాఖానల మన ఇజ్జత్ తీయకు" అంది. వేడినీళ్లతో పీచు పెట్టి పొలుసులన్నీ రాలేదాకా తోముకున్నాను. కొబ్బరినూనె పట్టించి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మా ఆయనతో బయలుదేరాను. డాక్టరు దగ్గరికి జబ్బును శుభ్రం చేసుకుని వెళ్లిన మనిషిని నేను.

డాక్టరమ్మ నా ఒళ్లంతా చూసి లెక్క వేసుకుంది, పుస్తకం తిరగేసింది. జబ్బు తగినంత ఎక్కువగా లేదని, తీసుకోవడం కుదరదని చెప్పింది. నేను "సరే మేడం" అన్నాను. ఏడేళ్ల తర్వాత దొరికిన ఒక్క దారిని అంత తేలిగ్గా వదిలేసినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

రవిక చేతులు కిందికి దించుకుంటుంటే ప్రేమలత ఆపింది. లోపలి వైపు బట్ట మీద గోధుమరంగు చారలు. "ఇవి నెత్తురు మరకలేనా, వనజక్కా?"

"గోకితే వస్తది. గింతే."

"రెండు అని రాసిన చెయ్యి ఇదేనా?"

నేను చేతులు కొంగు కింద పెట్టుకుని, ఎంత రాస్తే తీసుకుంటారని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అది నేను చెప్పకూడదు. రాసినవి దిద్దుడు కూడా కుదరదు. ఎంతుంటే గంత రాయాలె. తక్కువ రాసినా అబద్ధమే, అక్కా."

ఆమె లోపలికి వెళ్లి డాక్టరమ్మతో మాట్లాడింది. ఇంకొక్కసారి మొదటి నుంచి పరీక్షించడానికి వీలుందన్నారు. మరో రెండు వారాలు, కొత్త పుస్తకం. రైల్లో మా ఆయన "పెళ్లిళ్ల చీరలు ఎనకబడ్డయి, ఇగ చాలు" అన్నాడు. నేను పుస్తకాన్ని సంచిలో అడుక్కి తోశాను.

ఆ సాయంత్రం పెరటి మెట్టు మీద పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నా ఒంటిని నేను అడగడం అదే మొదటిసారి. పొద్దున పొయ్యి సెగకు అరచేతులు పగిలినప్పుడు ఎంత? కండెలు చుడుతూ, రెండు చేతులూ ఖాళీ లేక, తలను గోడకేసి రుద్దుకున్నప్పుడు ఎంత? మా ఆయన పిన్నమ్మ కూతురి పెళ్లికి నన్ను తీసుకుపోకుండా ఇంటి తాళం చెవి చేతిలో పెట్టినప్పుడు కూడా దురదే పుట్టింది, దానికి అంకె ఉంటుందా? పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల తలకు నూనె పెట్టాలంటే ముందు నా వేళ్ల వైపు చూసుకుంటాను, అది ఎందులో వేయాలి? పుస్తకం అడిగింది దురద ఒక్కటే. దానికి ఎనిమిది వేశాను. వేసి, దొంగతనం చేసినదానిలా అటూ ఇటూ చూశాను.

ఈసారి తోముకోలేదు. పొలుసులు మగ్గం చుట్టూ రాలేవి, ఊడ్చేదాన్ని. అయిదో రోజు తొమ్మిది వేశాను. ఆ మరుసటి పొద్దున మా ఆయన పుస్తకం తెరిచాడు.

"మొన్న రెండు, ఇప్పుడు తొమ్మిదా? దవాఖానోల్లను మోసం చేస్తున్నవా?"

"మొన్నటిదే మోసం" అన్నాను.

పక్కన మా అత్త తిప్పుతున్న రాట్నం ఆగింది. ఆయన పుస్తకం గూట్లో పెట్టి మగ్గం గుంటలోకి దిగాడు. కాసేపటికి రాట్నం మళ్లీ తిరిగింది.

దవాఖానకు వెళ్లాల్సిన తేదీకి ముందు రోజే కొత్త పడుగు వచ్చింది. మా ఆయన దాన్ని అతికి ఎల్లుండి పొమ్మన్నాడు. తేదీ దాటితే ఈ అవకాశం ఇక ఉండదని చెప్పాను. "నేనైతే రాను" అన్నాడు. ఇంతకుముందైతే ఆ మాటతో అంతా అయిపోయేది. "పడుగు ఒక్కరోజు ఆగుతది. నేను పోయొస్త" అన్నాను. పెళ్లయ్యాక ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. టికెట్టు కొనేటప్పుడు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను కానీ, కిటికీ పక్కన కూర్చున్నాక భయం కంటే నిద్ర ఎక్కువ వచ్చింది.

ఈసారి తీసుకున్నారు. పొట్ట మీద సూది వేసి, రెండు గంటలు కూర్చోబెట్టి పంపారు. ఆ సూదిలో మందు ఉందో లేదో నాకు తెలియదు. నాలుగు నెలలు తెలియదు. పుస్తకంలో నేను రాసింది మాత్రం నిజం, దాన్ని పట్టుకునే తిరిగొచ్చాను.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది, ముందు గదిలో బల్బు వెలుగుతోంది. మా ఆయన బజారుకు పోయాడు. మా అత్త పడుగు ముందు కూర్చుని, పక్కన బూడిద గిన్నె పెట్టుకుని, కళ్లు చికిలించి పోగులు అతుకుతోంది. అప్పటికే బెత్తెడు వెడల్పు మేర అతకడం అయ్యింది. నేను అడగలేదు, తనే కూర్చుంది.

"ఎట్లుందే?" అంది, పోగు మీది నుంచి కళ్లెత్తి.

'ఏం లేదు' నాలుక చివరి దాకా వచ్చింది.

"ఎనిమిది, అత్తా."

ఆమె నాకు చోటివ్వడానికి మగ్గం గుంజ పట్టుకుని లేవబోయి, కూలబడింది. రెండోసారీ కూలబడింది. నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. ఎదురుగా చతికిలబడి, "నీ మోకాళ్లు ఎంత, అత్తా? సున్నా నుంచి పది దాకా" అని అడిగాను.

ఆమె బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంది. కొడుకు వస్తున్నాడేమోనని వాకిలి వైపు చూసింది. చాలాసేపు లెక్క పెట్టుకున్నట్టు పెదవులు కదిపింది.

"రెండు" అంది.