ఏ ఎండకు వెళ్దాం?

చేపల పెట్టెల మీద పేరుకున్న మంచుపొడిని దులుపుతూ ఆయన మూడో వరుస చివరిదాకా వచ్చేసరికి తలుపు అవతల టక్ టక్‌మని చప్పుడైంది. ఆయన చీపురు పిడితో పక్కనున్న ఇనుప స్తంభాన్ని రెండుసార్లు కొట్టాడు. లోపలి మనిషి బాగానే ఉన్నాడని దాని అర్థం. ఆ కోల్డ్ స్టోరేజీలో తలుపు దగ్గర ఒకరు, లోపల ఒకరు ఉంటారు. బయటివాడు అప్పుడప్పుడు కొడతాడు, లోపలివాడు జవాబు కొడతాడు. జవాబు వచ్చినంతసేపూ తలుపు తీయకూడదు. తీస్తే చలి బయటికి పోతుంది.

ఆయన గోళ్ళు వంకాయరంగులో ఉంటాయి. కనుబొమలు తెల్లబడ్డాయి, అది వయసువల్లో, మంచువల్లో ఎవరూ తేల్చి చెప్పలేరు. వయసంతా ఈ గదిలోనే గడిచింది. రేపటి నుంచి పని లేదు.

టీ వేళకు పని బూట్లు గడప లోపలే విడిచి, బయటికి వచ్చి తలుపు మనిషి పక్కన ఎండలో కూర్చున్నాడు. చుట్టరికం లేకపోయినా ఆ మనిషి ఆయన్ని బావా అనే పిలుస్తాడు.

"ఏం బావా, తేలిందా? సముద్రం ఒడ్డా, మెట్ట ఊరా?"

"ఇంకా లేదు."

"ఇందులో తేల్చడానికేముంది? ఒకచోట ఉడుకుతావు, ఇంకోచోట వేగుతావు. ఎటు తిరిగీ వండేది మా అక్కేగా!"

ఆయన నవ్వాడు. అంత ఎండలోనూ ఆయన నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది. తలుపు మనిషి చప్పున తన గ్లాసులోకి చూసుకున్నాడు.

పిల్లలు లేరు కాబట్టి, పని మానాక ఎండ కాసే ఏ ఊరికైనా వెళ్ళి ఉండొచ్చు. అదే కష్టమైంది. పోయిన వేసవిలో ఆయనా, భార్యా రెండు ఊళ్ళూ చూసి వచ్చారు. సముద్రం ఒడ్డున ఉక్కపోతకు ఆవిడ అట్టముక్కతో విసురుకుంటూ "అయ్యో, అయ్యో" అంటుంటే ఆయన స్వెట్టరు బొత్తాలు పెట్టుకున్నాడు. మెట్ట ఊళ్ళో రాతిబల్ల మీద కూర్చోబోయి ఆవిడ "అమ్మో!" అని లేచింది. ఆయన కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. లేచాక ఆవిడ ఆ చోట అరచెయ్యి ఆనించి, వెంటనే వెనక్కి తీసుకుంది. రాయి బావినీళ్ళలా చల్లగా ఉంది. చుట్టూ మాత్రం కాలుతూనే ఉంది.

"పదండి, బస్సుకు వేళయింది" అంది, అంతే.

ఈ ఉదయం అన్నం డబ్బా చేతికిస్తూ మళ్ళీ అడిగింది.

"సాయంత్రానికైనా చెప్పండి. ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశాం. నడిబజారులో సామాను పెట్టుకుని బొమ్మాబొరుసూ వేసుకుందామా?"

"నీకు ఏది ఇష్టం?"

"నా ఇష్టం ఎవరికి కావాలి! మీకు ఒక్క చెమటచుక్క పట్టనివ్వండి, చాలు. ఎక్కడ చెమట పడితే అక్కడే కాపురం. మీ పక్కన పడుకుంటే నూతిలో పడుకున్నట్టుంది నాకు."

నవ్వుతూనే అంది గానీ, మొహం తిప్పుకుంది. ఏ ఊరైనా తనకు ఒకటేనేమో అన్న భయం ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

టీ తాగి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. చివరి వరుసలో గోడ పక్క పెట్టెలు సర్దుతుండగా నుదుటి మీద ఏదో పాకినట్టయింది. తుడుచుకుంటే వేలు తడిసింది.

చెమట.

లోపల వెచ్చగా అనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా బయటికి వచ్చేయాలి. చలి మనిషిని తీసుకుపోయేముందు అలాగే బుజ్జగిస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ మాట ముందుగా చెప్పేది ఆయనే. ఇప్పుడు కదలబుద్ధి కాలేదు. ఆ వెచ్చదనం ఒక చెంపకే తగులుతోంది. తడిగా, ఉప్పగా ఉంది. గోడలోంచి గాలి వస్తున్నట్టుంది.

సముద్రమే, అనుకున్నాడు. ఇంకొంచెంసేపు ఉండి, బాగా ఖాయం చేసుకుని వెళ్ళి చెప్పాలి. తప్పు చెప్పకూడదు. కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు.

దూరంగా తలుపు చప్పుడైంది. స్తంభం టక్ టక్‌మని జవాబిచ్చింది. ఆయన రెండు చేతులూ బొత్తాల మీదే ఉన్నాయి.

సాయంత్రం తలుపు తీసేసరికి ఆయన పెట్టెలకు చేరగిలబడి ఉన్నాడు. చాలాసేపే అయిందని డాక్టరు చెప్పాడు. భార్య వచ్చింది. తలుపు మనిషి ఆవిడకు ఎదురొచ్చాడు.

"కొట్టినప్పుడల్లా జవాబొచ్చిందక్కా. తీసేముందు కూడా వచ్చింది. ఒట్టు!"

ఆవిడ వినలేదు. భర్త నుదుటి మీద చిన్నచిన్న మంచుపూసలున్నాయి. అరచెయ్యి ఆనించగానే కరిగి నీళ్ళయ్యాయి.

"చెమట పట్టిందయ్యా ఈయనకి" అంది మెల్లగా.

ఆయన కాళ్ళకు ఏమీ లేవు. గోదాము గడప ఎప్పుడూ దాటని పని బూట్లు, ఎవరింటికో వచ్చి విడిచినట్టు, గోడవైపు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఆవిడ ఒకదాన్ని తిరగేసింది. నీళ్ళు రాయయ్యే ఆ గదిలో, బూటు అడుగున తడి ఇసుక, ఇంకా మెత్తగానే ఉంది.